పెరట్లో పాఠాలు

రాజుల ఇళ్లలో ఆడవాళ్లు సావిట్లోకి రాకూడదని ఎవరూ రాసి పెట్టలేదు. రాసి పెట్టకపోయినా రారు, అంతే. రత్నమాణిక్యం కాపరానికి వచ్చిన రోజున అత్తగారు ఆవిణ్ణి వంటింటి గుమ్మం దగ్గర నిలబెట్టి, మగవాళ్లు కూర్చునే ఆ సావిడి వైపు చూపించి, "అటు నీ గొంతు వినబడకూడదమ్మా" అంది. ఘోషా అనే మాట ఎత్తకుండానే ఘోషా అంతా ఆ ఒక్క ముక్కలో చెప్పేసింది మహాతల్లి. ఆ మహాతల్లి పోయి చాలా ఏళ్లయింది. నేను చెబుతున్నది తొంభై ఆరో సంవత్సరం సంగతి. అప్పటికి ఊళ్లో కొత్త కోడళ్లు భర్తల బళ్ల మీద భీమవరం వెళ్లి మ్యాట్నీలు చూసొస్తున్నారు. రత్నమాణిక్యాన్ని కూడా ఆపేవాళ్లెవరూ లేరు. అయినా ఆవిడకి ఆ గుమ్మం దాటడానికి కాలాడేది కాదు. నలభై ఏళ్లు దాటిన మనిషి, ఇంట్లో ఒక్కతే ఉన్నప్పుడు కూడా గుసగుసగానే మాట్లాడుకునేది. దానికేమంటాం!

భర్త గోపాలకృష్ణంరాజు గారు మంచివారు. ఈ మాట ముందే చెప్పేయాలి, లేకపోతే తర్వాత మీరు ఆయన మీద పళ్లు నూరతారు. పిల్లలు లేరని భార్యని ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. చీరలకీ నగలకీ లోటు చేయలేదు. కానీ ఆయనకి రొయ్యల చెరువులున్నాయి, భీమవరంలో క్లబ్బుంది, క్లబ్బులో పేకాటుంది. పొద్దున్న టిఫిను చేసి బుల్లెట్టు ఎక్కితే మళ్లీ భోజనానికే దిగేవారు. అన్నం తింటూ కూరలో ఉప్పు గురించి ఓ మాట, కరెంటు కోత గురించి ఓ మాట. ఆవిడ చెవిన పడే కబుర్లు అవే. మధ్యాహ్నం పనిమనిషి వెళ్లిపోయిందంటే ఇక ఆ పెద్ద ఇంట్లో మనిషి అలికిడి ఉండదు. ఎండ మెల్లగా పెరటి గోడ ఎక్కేది. సాయంత్రమంటే ఆవిడకి భయం. ఎవరికైనా చెబితే నవ్వుతారని చెప్పలేదు గానీ, నిజంగానే భయం.

అలాంటి ఇంటికి ఓ అల్సేషన్ కుక్కపిల్ల వచ్చింది. చెరువు గట్టు మీద కాపలాకని రాజుగారు కొని తెచ్చి సీజర్ అని పేరు పెట్టారు. మరీ పసిది కదా, కొన్నాళ్లు పెరట్లో ఉంచమని పాలేరు వెంకన్నకి పురమాయించారు. కొన్నాళ్లు కాస్తా ఏడాదైంది. చెరువు మాట ఆయన మర్చిపోయారు. ఆవిడ గుర్తు చేయలేదు.

ఆవిడ దాన్ని సీజర్ అని పిలవలేదు. బుజ్జోడు అంది. అన్నం పళ్లెం తెచ్చిన ప్రతిసారీ వాడు మీద పడి చీర పాడుచేస్తుంటే, ఓ రోజు పళ్లెం గట్టు మీద పెట్టి అరచెయ్యి పైకెత్తి చూపించింది. కసురుకోవడం ఆవిడకి రాదు కదా, అందుకని చెయ్యి. వాడు గెంతాడు, మొరిగాడు, చుట్టూ తిరిగాడు, చివరికి విసుగెత్తి చతికిలబడ్డాడు. వెంటనే ఓ ఎండు రొయ్య వాడి ముందు పడింది. మర్నాడు ఇంకాస్త త్వరగా కూర్చున్నాడు. ఆ మర్నాడు ఆవిడ చెయ్యి లేవగానే వాడి మొహం మారిపోయింది. చెవులు రెండూ నిక్కబొడుచుకుని, "ఓహో, నువ్వనేది ఇదా!" అన్నట్టు ఆవిడ కళ్లలోకి చూస్తూ కూర్చున్నాడు. రత్నమాణిక్యానికి ఒళ్లు ఝల్లుమంది. తను చెప్పింది ఒకరికి అర్థమైంది. నోరు తెరవకుండానే అర్థమైంది.

ఇంక చూడండి, ఆవిడకి పిచ్చి పట్టింది. నాలుగయ్యేసరికి ఎండు రొయ్యలు గుప్పెడు రొంటిన కట్టుకుని పెరట్లో తయారు. అరచెయ్యి పైకెత్తితే కూర్చోవాలి. నేల వైపు దించితే పడుకోవాలి. ఎదురుగా చూపిస్తే ఎక్కడున్నవాడు అక్కడే ఆగాలి. పాఠం అయిపోయాక ఆవిడ పైట చెంగు కుడి భుజం మీదుగా లాక్కుని నిండా కప్పుకునేది, అదో అలవాటు. అలా కప్పుకుంటే దగ్గరికి రావచ్చన్నమాట అని వాడే కనిపెట్టాడు. సరే, అదే పిలుపు అనుకుంది. పాత చెక్క గరిటె విసిరితే పరిగెత్తి తేవడం, తెచ్చి చేతిలో పెట్టేదాకా నోట్లోంచి వదలకపోవడం కూడా నేర్పింది. గరిటె దగ్గర వాడు నానా తిప్పలూ పెట్టాడు. తెచ్చేవాడు, ఇచ్చేవాడు కాదు. అలా రాని రోజున ఆవిడకి మరీ సంబరం. రేపు సాయంత్రం ఏం చేయాలో అన్నం వండుతూ ఆలోచించుకోవచ్చు కదా. ఏమైతేనేం, సాయంత్రమంటే భయం పోయింది. ఆ ఒక్క గంట కోసం మిగతా రోజంతా నడిచిపోయేది.

ఇదంతా రాజుగారికి తెలియదు. తెలిసింది పశువుల డాక్టరు చంద్రరావు గారి వల్ల. ఆయన ఓ రోజు కుక్కకి సూది వేయడానికి పెరట్లోకి వస్తే, బుజ్జోడు వెంకన్న చేతుల్లోంచి జారిపోయి నానా రభసా చేశాడు. తలుపు చాటు నుంచి ఓ గాజుల చెయ్యి బయటికొచ్చి నేల వైపు దిగింది. వాడు అక్కడికక్కడే పడుకుండిపోయాడు. డాక్టరు గారు నోరెళ్లబెట్టి, సూది పని ముగించుకుని, తిన్నగా సావిట్లోకి వెళ్లి రాజుగారితో అన్నారట, ఇది చెరువు గట్టు మీద మొరగాల్సిన కుక్క కాదండి, పోటీకి పెట్టండి, కప్పు తెస్తుంది అని. డిసెంబరులో కాకినాడలో కుక్కల పోటీ ఉందనీ, మాట వినే కుక్కలకి వేరే బహుమతి ఉందనీ, నోటితో చెప్పినా చేత్తో చూపినా అక్కడ ఒప్పుకుంటారనీ కూడా చెప్పారు.

కప్పు అనే మాట రాజుగారి చెవిన పడింది, మిగతాది పడలేదు. భార్యని ఓ మాట అడుగుదామని కూడా తోచలేదు ఆయనకి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆయన గట్టిగా చెబితే జరగని పని లేదు. కుక్క మాత్రం ఎంత! కారు మాట్లాడుకుని, కుక్కని ఎక్కించుకుని కాకినాడ వెళ్లారు.

అక్కడ జరిగింది ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని ఆయనే చెప్పారు. మైదానం మధ్యలో నిలబడి "సిట్" అని అరిచారట. బుజ్జోడు ఆయన వంక జాలిగా చూశాడట. "డౌన్" అని అరిస్తే దిక్కులు చూశాడట. ఆయన గొంతు పెంచినకొద్దీ వాడు తోక ముడుచుకున్నాడట. ఈలోగా మొదటి వరసలో కూర్చున్న ఓ పెద్ద ఆఫీసరు గారి భార్య, సముద్రపు గాలికి చలేసి పైట నిండా కప్పుకుంది. అంతే! బుజ్జోడు గొలుసు లాక్కుని ఒక్క ఉరుకున వెళ్లి ఆవిడ కాళ్ల ముందు బుద్ధిగా కూర్చున్నాడట. ఆవిడ కెవ్వుమంది. మైదానమంతా ఒకటే నవ్వు. భీమవరం క్లబ్బు వాళ్లు కూడా ఇద్దరున్నారట అక్కడ.

రత్నమాణిక్యానికి సంగతి ఠక్కున అర్థమైంది. నవ్వాపుకోలేక పెరుగు గిన్నె కోసమని వంటింట్లోకి వెళ్లి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. తిరిగి వచ్చేసరికి రాజుగారు అంటున్నారు, హైదరాబాదులో కుక్కలకి నేర్పేవాడున్నాడట, వచ్చే వారం పంపించేస్తాను, ఆరు నెలలు అక్కడే ఉంచుకుని ఎవరు చెప్పినా వినేలా చేసి పంపుతాడట అని.

ఆవిడ గిన్నె కింద పెట్టింది. ఆరు నెలల సాయంత్రాలు కళ్ల ముందు కదిలాయి. పెళ్లయిన ఇన్నేళ్లలో భర్త మాటకి అడ్డు చెప్పిన మనిషి కాదు. ఆ పూట ఎక్కణ్ణించి వచ్చిందో ఆ ధైర్యం.

"దానికి రాకపోవడం కాదండి. మీకు రాదు," అంది.

రాజుగారు ముద్ద నోటి దాకా తీసుకెళ్లినవారు ఆగిపోయారు. "ఏంటి?"

"దాని పాఠాలన్నీ దానికి వచ్చు. నేను నేర్పాను. మీకే నేర్పలేదు. సాయంత్రాలు ఓ గంట పెరట్లోకి రండి, మీకూ నేర్పుతాను. అప్పటికీ కాకపోతే హైదరాబాదు పంపుదురుగాని."

ఆయన పడీపడీ నవ్వారు. మర్నాడు సాయంత్రం నాలుగింటికి బుల్లెట్టు పెరటి గోడ పక్కన ఆగింది. క్లబ్బు వాళ్ల నవ్వు ఆయన్ని అంతగా కుట్టిందో, మరేమిటో గానీ, వచ్చారు.

మొదటి రోజు చూడాలి ఆ తమాషా. ప్యాంటూ చొక్కాతో వచ్చి, బండి తాళం వేలికి తగిలించుకుని తిప్పుతూ నిలబడ్డారు. బుజ్జోడు తాళం చూడాలా, చెయ్యి చూడాలా? ఆవిడ తాళం లాక్కుని దండెం మీద తగిలించింది. చెయ్యి ఎత్తమంటే ఊపారు. "ఈగల్ని తోలుతున్నారా?" అంది. అని, తన నోటి నుంచి వచ్చిన ఆ మాటకి తనే బిత్తరపోయింది. ఆయన కోప్పడలేదు. మరెలా అని అడిగారు. ఆవిడ దగ్గరికి వెళ్లి ఆయన మణికట్టు పట్టుకుని, అరచెయ్యి సరిచేసి, అలా ఉంచమంది. ఆయన చెయ్యి పట్టుకుని ఎన్నాళ్లయిందో ఆవిడకి గుర్తు రాలేదు. బుజ్జోడు ఆయన ముందు కూర్చున్నాడు. రాజుగారు చిన్నపిల్లాడిలా కేక పెట్టారు, వాడు బెదిరి లేచిపోయాడు, మళ్లీ మొదటికొచ్చింది.

పిలుపు దగ్గర పెద్ద చిక్కొచ్చింది. పైట ఆయనకెక్కడిది? ఆవిడ లోపలికి వెళ్లి ఆయన పట్టు కండువా ఒకటి తెచ్చి భుజాన వేసింది. దాన్ని ఎడం నుంచి కుడికి లాక్కోమంది. ప్యాంటు మీద కండువా కప్పుకుని, కొత్త పెళ్లికూతురిలా చెంగు సర్దుకుంటున్న రాజుగారిని చూసి వెంకన్న గడ్డిమోపుతో సహా గోడవతలికి తప్పుకున్నాడు. ఆవిడ నవ్వింది. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఆయనా నవ్వారు. బుజ్జోడు పరిగెత్తుకొచ్చి ఆయన ముందు కూర్చుని, ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

అలా మొదలైంది. రాజమండ్రిలో మళ్లీ పోటీ ఫిబ్రవరి నెలాఖరున. అప్పటి దాకా రోజూ. పాఠం అయ్యాక బట్టలుతికే బండ మీద ఇద్దరూ కూర్చుని కాఫీ తాగేవారు. మధ్యలో బుజ్జోడు. రాజుగారు కబుర్లు చెప్పడం మొదలెట్టారు. అంతకుముందు ఏడాది రొయ్యలకి తెల్లమచ్చ తెగులొచ్చి చెరువు చెరువంతా చచ్చి తేలిపోయినప్పుడు, గట్టు మీద కూర్చుని ఏడ్చానని చెప్పారు. ఆ సంగతే ఆవిడకి తెలియదు. ఒకే ఇంట్లో ఉండి, వేళకి అన్నం వడ్డిస్తూ, ఆ మనిషి ఏడ్చిన సంగతి తెలియలేదు. క్లబ్బుకి వెళ్లడం కూడా తగ్గింది. ఓ సాయంత్రం ఆయన కాళ్లు చాపుకుని, "మన పెరట్లోకి ఇంత గాలొస్తుందని నాకు తెలీదు మాణిక్యం" అన్నారు. ఆ మాట ఆవిడ చాలా రోజులు దాచుకుని దాచుకుని తలుచుకుంది.

ఇక మేస్టారమ్మ గారి వేషాలు చూడండి. భర్తకి ఒకటి రాగానే, అబ్బే, ఇంకా కుదరలేదనేది. నడకలో మీ అడుగు పెద్దదవుతోందనేది. గరిటె పుచ్చుకునేటప్పుడు వంగకూడదనేది. లేని తప్పులు ఎన్ని పట్టిందో! అన్నీ కుదిరిపోతే ఈ పాఠాలు అయిపోతాయని ఆవిడ దిగులు. కప్పు ఊసు ఆవిడకి కలలో కూడా లేదు. నేర్పుతూ ఉంటే చాలు, రేపు కూడా నేర్పాల్సింది కొంచెం మిగిలితే చాలు.

పోటీకి ముందు రోజు రాజుగారు ఆవిణ్ణి సూటిగా అడిగారు. వెళ్దామా, మానేద్దామా? మళ్లీ నవ్వులపాలు కావడం తన వల్ల కాదు. నువ్వు కాదంటే వచ్చే ఏడాదే చూద్దాం, అప్పటి దాకా ఇలాగే రోజూ చేసుకుందాం, తొందరేముంది అన్నారు. ఇంక హైదరాబాదు ఊసు కూడా ఎత్తనని మాటిచ్చారు.

ఇంకో ఏడాది! "కాదు" అని ఒక్క ముక్క అంటే చాలు, ఇంకో ఏడాది సాయంత్రాలు ఆవిడవి. ఆవిడ ఒక్కసారి మొదటినుంచీ చేసి చూపించమంది. రాజుగారు చేశారు. బుజ్జోడు ఆయన ఎడమ మోకాలి పక్కన వెంట్రుకవాసి తేడా లేకుండా నడిచాడు. ఆగమని చెయ్యి చూపించి ఆయన గోడ దాకా వెళ్లిపోతే, పక్కింటి పిల్లి గోడ మీద నుంచి వాడి ఎదురుగానే నడిచి వెళ్లింది. వాడు కన్ను కూడా తిప్పలేదు. రాజుగారు కండువా సర్దుకున్నారు. వాడు బాణంలా వచ్చి కూర్చున్నాడు. ఎక్కడా వంక లేదు. రత్నమాణిక్యం వంక వెతికింది, ఒట్టు, మనసారా వెతికింది. ఇంత బాగా వచ్చినదాన్ని రాలేదని ఏ నోటితో అంటుంది? నేర్పినవాళ్ల నోటికి ఆ మాట రాదు. పైగా, గెలిచొస్తే ఆయనకి ఈ పెరడు మరీ ఇష్టమవుతుందని కూడా అనుకుంది, పిచ్చి తల్లి.

"సిద్ధమేనండి," అంది. "వెళ్లి రండి."

మర్నాడు మధ్యాహ్నం రాజమండ్రి నుంచి ఫోనొచ్చింది. "మాణిక్యం, కొట్టేశాం! ఫస్టు!" అని ఆయన అరుస్తుంటే వెనక చప్పట్లు వినబడ్డాయి. కొట్టేశాం అన్నారు, కొట్టేశాను అనలేదు. ఆవిడ ఫోను పెట్టేసి పూర్ణాలకి పప్పు నానబోసింది.

రెండు రోజులు సావిడి నిండా జనం. టీవీ మీద కప్పు. పేపర్లో ఫొటో, కండువాతో రాజుగారు, పక్కన బుజ్జోడు. క్లబ్బు వాళ్లు దండ కూడా తెచ్చారు. ఆవిడ వంటింట్లోంచి పూర్ణాలు పంపుతూ అన్నీ విన్నది. ఎలా నేర్పారండీ అని ఎవరో అడిగితే, కాస్త ఓపిక పట్టానండి, అంతే అన్నారాయన. ఆ మాటకి ఆవిడ నొచ్చుకోలేదు. పేరు ఆయనదే ఉండనీ. జనం తగ్గితే బాగుండును, సాయంత్రం అయితే బాగుండును, అదొక్కటే ఆవిడ గోల. బుజ్జోడికి కొత్తది నేర్పాలని కూడా ఆలోచించి పెట్టుకుంది. నాలుగు తువ్వాళ్లు పడేస్తే వాసన చూసి రాజుగారి తువ్వాలు ఏదో వాడే తేవాలి. దానికి ఆయన ఉండాలి కదా!

మూడో రోజు నాలుగింటికి రాజుగారు స్నానం చేసి, తెల్ల చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుంటున్నారు. ఆవిడ కాఫీ తీసుకుని వెళ్లింది. ఆయన ఉత్సాహంగా, హైదరాబాదు గొడవ ఒదిలింది, ఇంక నీ కుక్క నీ దగ్గరే, నా మాట నిలబెట్టుకున్నానా లేదా అన్నారు. ఆవిడ నవ్వి, వాడికి ఈవేళ కొత్త పాఠం మొదలెడదామనుకుంటున్నాననీ, కాఫీ పెరట్లోకి తెమ్మంటారా అనీ అడిగింది.

"ఇంకెందుకు మాణిక్యం? గెలిచేశాం కదా," అన్నారాయన.

ఆవిడ కాఫీ గ్లాసు ఆయన ముందు పెట్టింది. "గెలవడానికేనా మీరు వచ్చింది?"

దువ్వెన ఆగింది. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. అందులో కోపం లేదు, వెటకారం లేదు. అర్థం కాక అడిగారు.

"మరి దేనికీ?"

చెప్పడానికి ఆవిడ దగ్గర చాలా ఉంది. ఆయన కూడా వింటానన్నట్టు నిలబడే ఉన్నారు. ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో ఆవిడకి తోచలేదు. ఏం లేదులెండి, కాఫీ చల్లారిపోతోంది అంది. ఆయన నిలబడే తాగి, గ్లాసు ఆవిడ చేతికిచ్చి, రాత్రి భోజనానికి ఆలస్యమవుతుందని చెప్పి వెళ్లారు. బుల్లెట్టు చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా వినబడింది.

రత్నమాణిక్యం ఎండు రొయ్యలు తీసుకుని పెరట్లోకి వెళ్లింది. బుజ్జోడు అప్పటికే తయారుగా ఉన్నాడు, రాజుగారు నిలబడే చోటికి ఎడంపక్కన, గుమ్మం వైపు తిరిగి. ఆవిడ చెయ్యి ఎత్తింది. కూర్చున్నాడు. దించింది. పడుకున్నాడు. ఒక్కొక్కటీ చెప్పినట్టే చేస్తున్నాడు, చేసి మళ్లీ గుమ్మం వైపే చూస్తున్నాడు. ఆవిడ బండ మీద కూర్చుని వాడి తల తన ఒళ్లోకి తీసుకుంది.

"రారులేరా," అంది.

వాడు తోక ఊపాడు, చూపు మాత్రం తిప్పలేదు. కూర్చోమని నేర్పింది, ఆగమని నేర్పింది, రమ్మని నేర్పింది. ఎదురుచూడ్డం మానెయ్యమని ఎలా నేర్పుతుంది? అది ఆవిడకే రాదు.